తిరగలికి కట్టిన తెర

అనగనగా, రాళ్లు ఎక్కువా వానలు తక్కువా ఉన్న సీమలో, గుండ్లదుర్గం అని ఒక కోట ఊరు. ఆ కోటకు ఒక రాజు. ఆ రాజుకు ఒక ఏనుగు. ఏనుగు పేరు సౌదామిని.

సౌదామిని అంటే మెరుపుతీగ. గజశాల నుంచి కోట వాకిలిదాకా నడిచేసరికి దానికి పొద్దు నడినెత్తికి వచ్చేది. అయినా రాజుగారు పెట్టిన పేరు కాబట్టి ఎవరూ మార్చలేదు.

సౌదామిని రోజూ రాగి సంకటి ముద్దలు తినేది. ఆ రాగులు విసిరి పిండి పంపే హక్కు ఓబుళమ్మది. ఆమె ఇంటి వసారాలో ఒక పెద్ద తిరగలి ఉండేది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని తిప్పాల్సిన తిరగలి. భర్త పోయినప్పటి నుంచి ఆమె ఒక్కతే తిప్పేది. కొండ కింద ఉన్న వాళ్ల చేనులో రాళ్లు తప్ప మరేమీ పండవు. గజశాల నుంచి రాగులు రావాలి, పిండి వెళ్లాలి, అందులో తన వంతు గింజలు తనకు మిగలాలి. ఆమెకూ, ఆమె ఇద్దరు పసిబిడ్డలకూ అదే కూడు.

ఒక ఏడు వానాకాలం చివర తిరగలి మొండికేసింది. ఎంత తిప్పినా బరబరమని చప్పుడే తప్ప పిండి పడలేదు. పిండికి బదులు నూక రాలింది.

సౌదామిని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది.

"దీన్ని నమలాలా, మింగాలా?" అని అడిగింది.

ఆ కాలంలో ఏనుగులు మాట్లాడేవి. తక్కువే మాట్లాడేవి. మాట్లాడితే మాత్రం ఫిర్యాదే.

గజశాల అధికారి పేరయ్య పరుగున ఓబుళమ్మ ఇంటికి వచ్చాడు. పేరయ్య సన్నటి మనిషి. ఏనుగుకు ఆకలి తప్పితే ఆయనకు నిద్ర తప్పేది.

"ఓబుళమ్మా! ఏనుగు ముఖం పక్కకు తిప్పుకుంది."

"తిరగలి చెడింది అయ్యగారూ. బాగుచేయించి పంపుతాను."

"దసరా దగ్గరపడుతోంది. విజయదశమినాడు అది అంబారీ మోయాలి. తిండిలేక చిక్కిపోయిందంటే రాజుగారు అంబారీ నా వీపున పెడతారు. తొందరగా కానియ్యి."

తొందరగా కానివ్వాలని ఓబుళమ్మకూ ఉంది. కానీ గుండ్లదుర్గంలో ఒక పనివాణ్ణి పిలిచి పని చేయించుకోవడం అంత తేలిక కాదు. దానికి ఒక ఆచారం ఉంది.

పనివాడు రాగానే తెర కట్టాలి. పని జరుగుతుండగా దాని మీద కన్ను పడితే పనిముట్టుకు దిష్టి తగులుతుందని ఆ ఊరి నమ్మకం. ఇంటివాళ్లు తెర ఇవతల ఉండి పనివాడికి పాయసం వండాలి. పని ముగిశాక పొద్దువాలేదాకా ఆ పనిముట్టును ముట్టుకోకూడదు. చేసిన పని ఆరాలి. పొద్దువాలేసరికి పాయసం పనివాడి కడుపులో ఉండేది, పనివాడు ఊరవతల ఉండేవాడు.

ఈ ఆచారం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. పనివాళ్లకు మాత్రం అదంటే ప్రాణం.

పక్కింటి చౌడమ్మ గోడమీదుగా తల పెట్టింది.

"తిరగలా వదినా? కొండప్పను పిలువు. మనిషి బంగారం. చేతిలో ఉలి ఆడుతుంటే పాట విన్నట్టు ఉంటుంది."

"బాగా చేస్తాడా?"

"అందరూ చెబుతారు. ఎవరినైనా పిలువు గానీ, కోట వెలుపల ఉండే బసమ్మను మాత్రం పిలవకు. ఆమె తెర కట్టదు. నోరు కూడా మంచిది కాదు."

ఓబుళమ్మ కొండప్ప ఇంటికి వెళ్లింది. కొండప్ప అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాడు.

"వస్తున్నా అక్కా! దారిలో ఉన్నాననుకో" అన్నాడు, అరుగు దిగకుండానే.

ఆ రోజు రాలేదు. మర్నాడు పొద్దున్నే వస్తానన్నాడు, రాలేదు. ఓబుళమ్మ వాకిట్లోకీ ఇంట్లోకీ తిరిగి తిరిగి కాళ్లు అరగదీసుకుంది. చివరికి ఆమె రాగులు కొలవడానికి గజశాలకు వెళ్లిన పూట వచ్చి, ఇంట్లో ఎవరూ లేరని వీధంతా ఫిర్యాదు చేశాడు. ఆమె పరుగెత్తుకుంటూ వచ్చి, ఆలస్యమైనందుకు తానే క్షమాపణ చెప్పుకుంది.

తెర కట్టారు. లోపల నుంచి టక్కు టక్కుమని ఉలి చప్పుడు. కాసేపటికి ఒక కూనిరాగం. మళ్లీ టక్కు టక్కు. ఓబుళమ్మ పాయసం కలుపుతూ, పని బాగా సాగుతోందని సంతోషపడింది. కొండప్ప లేని చెమట తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"కక్కు అరిగిపోయింది అక్కా. మళ్లీ కొట్టాను. ఇక వెన్నలా ఆడుతుంది."

కక్కు అంటే తిరగలి రాళ్ల లోపలి ముఖం మీద ఉలితో కొట్టే చిన్న చిన్న గుంటలు. గింజను పట్టి నలిపేది ఆ గరుకే. అది అరిగితే రాయి రాయి మీద జారుతుంది తప్ప విసరదు.

"పొద్దువాలేదాకా చెయ్యి పెట్టకు" అని చెప్పి కొండప్ప పాయసం తాగి వెళ్లిపోయాడు.

పొద్దువాలింది. ఓబుళమ్మ గుప్పెడు రాగులు పోసి పిడి పట్టుకుని తిప్పింది. బరబర. నూక. నిన్న ఎలా ఉందో నేడూ అలాగే ఉంది. కొండప్ప కోసం వెళితే, వాళ్ల ఆవిడ గడప దగ్గరే ఆపి, "అత్తగారి ఊరు వెళ్లాడు" అని చెప్పింది. ఆమె వెనక, ఇంట్లోంచి కొండప్ప దగ్గు వినబడింది.

సౌదామిని ఆ సంకటి రుచి చూసింది.

"మార్పు లేదు" అంది.

చౌడమ్మ మళ్లీ గోడమీదుగా తల పెట్టింది.

"కొండప్పను ఎందుకు పిలిచావు వదినా? మద్దిలేటిని పిలవాల్సింది. కోటలోని తిరగళ్లన్నీ అతని చేతివే."

"కొండప్పను పిలవమన్నది నువ్వే కదమ్మా?"

"అన్నానేమో. అందరూ అంటుంటే నేనూ అన్నాను."

మద్దిలేటి పెద్ద తలపాగాతో, అంతకంటే పెద్ద గొంతుతో వచ్చాడు. తిరగలిని కాలితో ఒకసారి కదిలించి నాలుక చప్పరించాడు.

"దీన్ని తాకిన మహానుభావుడు ఎవరు ఓబుళమ్మా?"

"కొండప్ప."

"కొండప్పా! రోలుకూ రోకలికీ తేడా తెలియని మనిషి. కక్కు కాదు, నడిమి మేకు పోయింది. పై రాయి తిరిగేది దాని మీదే. తెర కట్టు."

తెర కట్టారు. పాయసం వండింది. ఈసారి లోపల ఉలి చప్పుడు లేదు, సుత్తి చప్పుడు. పని ముగిశాక ఓబుళమ్మ కాస్త ధైర్యం తెచ్చుకుని అడిగింది.

"తీసిన పాత మేకు ఏది?"

"పాతది ఇంట్లో ఉంచకూడదు. అరిష్టం" అని మద్దిలేటి తన సంచిని భుజాన వేసుకున్నాడు. సంచి వచ్చేటప్పటికంటే వెళ్లేటప్పుడు బరువుగా ఊగింది.

పొద్దువాలాక తిప్పితే పై రాయి కల్లు తాగినవాడిలా అటూ ఇటూ తూలింది. నడుమ నుంచి కాలిన వాసన వచ్చింది. ఆ పిండితో చేసిన ముద్ద తిని సౌదామిని తొండంతో గాలి పీల్చింది.

"ఈ సంకటి వెనక ఎక్కడో కొయ్య కాలుతోంది. ఎవరైనా చూడండి" అంది.

మద్దిలేటి దగ్గరికి వెళితే అతను చాలా నొచ్చుకున్నాడు. నా పనికి వంక పెట్టినవాళ్లు ఈ సీమలో లేరన్నాడు. నీ రాగులే మంచివి కావన్నాడు. ఓబుళమ్మ గజశాల రాగుల గురించి మాట్లాడటానికి భయపడి తిరిగి వచ్చేసింది. వచ్చి, వసారాలో కూర్చుని, తల పట్టుకుంది.

గోడమీద చౌడమ్మ తల మళ్లీ ప్రత్యక్షమైంది.

"ఇక తిరుపాలు ఒక్కడే దిక్కు వదినా."

ఓబుళమ్మ ఓపిక అక్కడితో తెగింది.

"చౌడమ్మా, ఒక మాట చెప్పు. మీ ఇంటి తిరగలి ఎవరు బాగుచేశారు?"

"మాకు తిరగలి ఎక్కడిది వదినా? పిండి మీ ఇంట్లోనే కదా విసురుకునేది" అంది చౌడమ్మ, అదేదో అందరికీ తెలిసిన సంగతి అన్నట్టు.

ఆ మాట విన్నాక ఓబుళమ్మ మరొకరిని అడిగి ఉండాల్సింది. కానీ గజశాల నుంచి పేరయ్య మనుషులు పూటపూటకూ వస్తున్నారు. తొందరలో ఉన్న మనిషి మొదట ఏ తలుపు కనబడితే అదే తడుతుంది. ఆమె తిరుపాలుకు కబురు పంపింది.

తిరుపాలు గట్టిగా మాట్లాడడు. నుదుట వెడల్పాటి విభూతి, ముఖాన ఎప్పుడూ ఒక విచారం. పై రాయికి చెవి ఆనించి, కళ్లు మూసుకుని, చాలాసేపు విన్నాడు.

"రాయిలో జీవం పోయింది తల్లీ."

"రాయికి జీవమా?"

"ఉండబట్టే కదా ఇన్నాళ్లు ఆడింది. మేకు మార్చినవాడు దీన్ని చంపేశాడు. నీ అదృష్టం, నా దగ్గర ఒక రాయి ఉంది."

మర్నాడు బండి మీద గుడ్డ చుట్టిన రాయి ఒకటి వచ్చింది. తెర వెనక పాత పై రాయి తీసి కొత్తది పెట్టాడు. తీసినదానికి అదే గుడ్డ చుట్టి బండిలో వేసుకున్నాడు.

"దాన్ని ఏం చేస్తావు?" అంది ఓబుళమ్మ.

"ఏట్లో కలిపేస్తాను. మన చేతి కింద పనిచేసింది కదా, మర్యాదగా పంపాలి" అన్నాడు తిరుపాలు. ఓబుళమ్మకు నిజంగానే కళ్లు చెమర్చాయి. అతనికి ఇంకొంచెం పాయసం పోసింది.

పొద్దువాలాక తిరగలి మెత్తగా తిరిగింది. తెల్లటి పిండి రాలింది. రాగి పిండి తెల్లగా ఎందుకు ఉందని ఆమె ఆలోచించలేదు. అలసిపోయిన మనిషికి తెలుపు కూడా శుభంగానే కనబడుతుంది.

మర్నాడు సౌదామిని ముద్ద కొరికింది. కరకరమంది. అది రాయి ముక్క. ఏనుగు నోట్లోని ముద్దను నేలకేసి కొట్టింది. ఈసారి ఏమీ అనలేదు. నోరు మూసుకుంది. ఆ పూటా తినలేదు, మరుపూటా తినలేదు. దాని ఫిర్యాదులకు అలవాటుపడిన గజశాల మొత్తం ఆ మౌనానికి హడలిపోయింది.

పేరయ్య వచ్చాడు. ఈసారి పరుగెత్తలేదు. మెల్లగా నడిచి వచ్చాడు, ముఖం పాలిపోయి ఉంది.

"ఓబుళమ్మా, రాజుగారి మాట చెబుతున్నాను. నవమి రోజుకు ఏనుగు ముద్ద ముట్టాలి. లేకపోతే విసిరే హక్కు మరొక ఇంటికి పోతుంది."

"ఏ ఇంటికి అయ్యగారూ?"

"తిరగలి ఆడే ఇంటికి." పేరయ్య కాస్త ఆగి, గొంతు తగ్గించాడు. "నీ తిరగలిని ఆడించే పనివాడు ఎవరైనా ఉంటే, వాడికి రాజుగారి చేత శాలువా కప్పిస్తాను. నా మాటగా చెప్పు."

ఆయన వెళ్లాక ఓబుళమ్మ చేటలోని పిండిని చూసింది, నిద్రపోతున్న పిల్లలను చూసింది. ఏడవాలంటే కూడా విసుగొచ్చింది. కొంగు నడుముకు చుట్టి కోట వాకిలి దాటి నడిచింది.

బసమ్మ ఎండలో కూర్చుని ఒక రోలు చెక్కుతోంది. తల ఎత్తలేదు.

"బసమ్మత్తా, తిరగలి చెడింది. రావాలి."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

"ఇప్పుడు రాను. ఈ రోలు ముగించాలి. రేపు మధ్యాహ్నం వస్తా. అంతకుముందే వస్తానంటే అది అబద్ధం."

ఓబుళమ్మకు ఒళ్లు మండింది. కోటలో ఇందరు ఇప్పుడే వస్తున్నామని అంటుంటే, ఈమె ఒక్కతే రానని అంటోంది. మర్నాడు మధ్యాహ్నం బసమ్మ వచ్చింది. ఒంటిమీది రాతి పొడి కూడా దులుపుకోకుండా వచ్చింది.

ముగ్గురు పనివాళ్లు చేసింది చెప్పి, ఓబుళమ్మ తెర తెచ్చింది.

"అది కడితే నేను పోతా."

"దిష్టి తగులుతుంది కదా అత్తా."

"తగిలితే రాయికి తగులుతుంది. రాయి ఏమీ అనుకోదు. ఇటు వచ్చి కూర్చో."

ఓబుళమ్మ వచ్చి కూర్చుంది. కూర్చుని, గట్టిగా కళ్లు మూసుకుంది.

"ఎందుకే కళ్లు మూసుకుంటావు? నేను ఒక్కదాన్నే ఎత్తలేను. ఈ అంచు పట్టుకో. వేళ్లు కింద పెట్టకు, నలుగుతాయి. కళ్లు తెరువమంటుంటే!"

ఇద్దరూ కలిసి పై రాయిని ఎత్తి పక్కకు దించారు. ఓబుళమ్మ మొదటిసారి తన తిరగలి లోపలి ముఖం చూసింది.

"కింది రాయి చూడు. చేత్తో తడుము" అంది బసమ్మ.

అరచేతికి నున్నగా తగిలింది, నది గులకరాయిలా.

"దీనికి కక్కు కొట్టి ఏళ్లు అయింది. మొన్న కొట్టానన్నవాడు దీన్ని ముట్టుకోనేలేదు. ఈ మేకు చూడు. ఇనుము ఉండాల్సిన చోట వేప కొయ్య. అందుకే కాలిన వాసన. ఇప్పుడు పై రాయి మీద బొటనవేలితో రుద్దు."

ఓబుళమ్మ రుద్దింది. వేలికి తెల్లటి పొడి అంటింది. నిన్నటిదాకా తాను పిండి అనుకున్నది అదే.

"ఇది మెత్తరాయి. గోడకు పనికొస్తుంది, తిరగలికి కాదు. నీ పాత రాయి ఎలా ఉండేది?"

"నల్లగా ఉండేది."

"పైన నలుపు సరే. లోపల? గీతలున్నాయా, పగుళ్లున్నాయా, గట్టిదా?"

 పెళ్లై ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి ఓబుళమ్మ ఆ తిరగలిని తిప్పుతోంది. దాని లోపల ఏముందో ఒక్కసారి కూడా చూడలేదు. చూస్తే చెడుతుందన్నారు. చూడకుండానే చెడిపోయింది.

"మేకు నేను వేస్తా. నీ పాత రాయి తెస్తే, ఒక పూటలో కక్కు కొట్టి ఇస్తా. కొత్త రాయి చెక్కాలంటే దసరా దాటిపోతుంది. అది నావల్ల కాదు."

"ఎలాగైనా చెయ్యి అత్తా, నీ కాళ్లు పట్టుకుంటా."

"ఎలాగైనా అంటే ఎలా? ఆ మాటకు సరే అన్నవాళ్లనే కదా నువ్వు ఇన్నాళ్లూ పిలిచింది?" బసమ్మ లేచి నిలబడింది. "రాయి దొరికితే పిలువు. ఎక్కడుందో నాకు తెలియదు. తెలియనిది చెప్పను."

ఆమె వెళ్లిపోయింది. పాయసం కూడా అడగలేదు.

ఓబుళమ్మ తిరుపాలు ఇంటికి వెళ్లి రాయి అడిగింది. ఏట్లో కలిపేశానన్నాడు, చాలా విచారంగా. నీ రాయి మంచిదని చూసినవాళ్లు ఎవరు తల్లీ అని అడిగాడు. ఎవరూ లేరు. రాయిని చూసినవాళ్లు లేరు, పనిని చూసినవాళ్లు లేరు. పేరయ్య దగ్గర మొరపెట్టుకుందామన్నా, చూడని మనిషి సాక్ష్యం ఏం చెబుతుంది?

ఇంటికి తిరిగి వస్తూ ఆమె దారి పొడుగునా ఆ తెరను తిట్టుకుంది. ఊరంతటి కళ్లకూ అడ్డం వచ్చిన ఆ గుడ్డముక్కను తిట్టింది. తిడుతూ తిడుతూ నడివీధిలో ఆగిపోయింది. కళ్లకు సరే. చెవులకు?

ఆమె ముగ్గురికీ కబురు పంపింది. ముగ్గురికీ ఒకటే మాట, అబద్ధం లేని మాట: తిరగలిని ఆడించినవాడికి రాజుగారు శాలువా కప్పుతారు, నవమినాడు పొద్దున్నే రండి.

వస్తున్నామని చెప్పి ఏనాడూ రానివాళ్లు ఆ రోజు తెల్లారకముందే వచ్చారు. ఒకరినొకరు చూసి ముఖాలు మాడ్చుకున్నారు.

"ముందు నేను ఒక్కణ్ణే వెళతా" అన్నాడు మద్దిలేటి.

"ఒకరు చెడగొట్టారని ఇంకొకరు చెప్పారు. ఎవరు ఏం చెడగొట్టారో మీకే తెలియాలి. ముగ్గురూ కలిసి వెళ్లండి. తెర నేనే కట్టాను" అంది ఓబుళమ్మ.

తెర మాట వినగానే ముగ్గురికీ ప్రాణం కుదుటపడింది. లోపలికి వెళ్లారు. టక్కు టక్కుమని మూడు చప్పుళ్లు మొదలయ్యాయి.

అప్పుడు ఓబుళమ్మ, ముందే పేరయ్యకు చెప్పి ఉంచినట్టు, వాకిలి తలుపు తీసింది. పేరయ్య వచ్చాడు. వెనక రాజుగారు వచ్చారు. ఏనుగు తినని నాటి నుంచి ఆయనకూ అన్నం సరిగా దిగడం లేదు. ఆయన వెనక సౌదామిని. దాని నెమ్మదితనం ఆ ఒక్క రోజు అందరికీ పనికొచ్చింది. అడుగు చప్పుడే వినబడలేదు. చౌడమ్మతో సహా వీధివాళ్లంతా వచ్చి కూర్చున్నారు. ఓబుళమ్మ పెదవులపై వేలు పెట్టి, రాజుగారికి మెల్లగా చెప్పింది.

"తెర తీయమని అడగను మహారాజా. ఊరి ఆచారం. కాసేపు మాట్లాడకుండా వినండి, చాలు."

తెర వెనక ఒక చప్పుడు ఆగింది. మద్దిలేటి గొంతు వినబడింది.

"నువ్వేం చేస్తున్నావు కొండప్పా?"

"నువ్వు చేసేదే. చప్పుడు."

"ముగ్గురమూ చప్పుడు చేస్తే పని చేసేదెవరు?"

"శాలువా కావాలన్నది నువ్వు. నువ్వే చెయ్యి."

"చెడగొట్టింది నువ్వు, చేయాల్సింది నేనా?"

"నేనా చెడగొట్టింది?" కొండప్ప గొంతు పెరిగింది. "నేను దీన్ని ముట్టుకుంటే కదా చెడటానికి! గడప రాయి మీద ఉలి కొట్టి, పాయసం తాగి వెళ్లాను. ఈ ముగ్గురిలో నా అంత నిర్దోషి ఎవడున్నాడు? ఇనుప మేకు పీక్కుపోయి వేప కొయ్య దిగగొట్టింది ఎవరు?"

"మేకుదేముందిరా! మేకు మళ్లీ చేసుకోవచ్చు" అని మద్దిలేటి అరిచాడు. "ఆ తిరుపాలును అడుగు. నల్లరాయి ఎత్తుకుపోయి మెత్తరాయి పెట్టాడు. ఏట్లో కలిపాడట!"

"మెల్లగా, మెల్లగా" అంది విచారం నిండిన గొంతు. "అంత మంచి రాయిని ఎవడైనా ఏట్లో వేస్తాడా? మా గడ్డివామి కింద భద్రంగా ఉంది. రేపు హక్కు ఏ ఇంటికి పోతే ఆ ఇంటికి అదే రాయి అమ్ముతాను. ఏనుగు ఎలాగూ ఆ పిండే తినాలి కదా. మీ ఇద్దరూ ఇంత గోల చేయకపోతే మీకూ ఏదో ఒకటి చూస్తాను."

 పేరయ్య రాజుగారి వైపు చూశాడు. రాజుగారు తెర వైపు చూశారు. ఆచారాన్ని దాటి చేయి చాపడానికి ఆయన కూడా తటపటాయించారు.

సౌదామిని తటపటాయించలేదు. ఆ ఆచారం మనుషులు పెట్టుకున్నది. తొండం చాపి తెరను ఒక్క గుంజు గుంజింది.

లోపల ముగ్గురు మనుషులు ఉలులు పైకెత్తి అలాగే కొయ్యబారిపోయారు. వాళ్ల ముందు గడప రాయి మీద బోలెడు గాట్లు. తిరగలి మీద ఒక్కటి కూడా లేదు.

"గడ్డివామి కింద అన్నావు కదూ?" అంది ఏనుగు. ఎన్నో పూటల తర్వాత అది మాట్లాడటం అదే మొదలు.

తిరుపాలు బండిలోనే రాయి తిరిగి వచ్చింది. బసమ్మకు కబురు వెళ్లింది. ఆమె వచ్చి, వసారాలో చోటు చాలదని పై రాయినీ కింది రాయినీ వాకిట్లోకి దింపించింది. రాజుగారిని చూసింది, వీధినంతా చూసింది.

"నాకు ఎండ తగలనివ్వండి. నీడలో గాటు కనబడదు. చూడాలంటే కూర్చుని చూడండి" అంది. రాజుగారు పక్కకు జరిగి కూర్చున్నారు.

ఉలి ఒక్కొక్క గాటు పెడుతుంటే ఊరు ఊరంతా చూసింది. చౌడమ్మ రెండు చేతులతో ముఖం కప్పుకుని, వేళ్ల సందుల్లోంచి చూసింది. రాయి పగల్లేదు. దానికి దిష్టి తగల్లేదు. కొండప్ప మాత్రం అందరికంటే ముందుకు వంగి చూశాడు. కక్కు ఎలా కొడతారో అతను చూడటం అదే మొదటిసారి.

ఇనుప మేకు దిగింది. ఓబుళమ్మ అంచు పట్టుకుంటే పై రాయి దాని చోట కూర్చుంది. ఆమె అలవాటుగా ఆకాశం వైపు, పొద్దు వైపు చూసింది.

"పైకి చూస్తావేం? తిప్పు. ఇప్పుడే తిప్పు. బాగోకపోతే నేను ఇక్కడ ఉండగానే చెప్పు" అంది బసమ్మ.

ఓబుళమ్మ తిప్పింది. పిండి పడింది. ఆమె చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపింది. ఇదివరకైతే చేతులు జోడించి ఊరుకునేది. ఈసారి ఊరుకోలేదు.

"అత్తా, ఒక పక్క ఇంకా నూక వస్తోంది."

వీధివాళ్లు ఉలిక్కిపడ్డారు. పనివాళ్లతో అలా మాట్లాడటం ఆ ఊళ్లో ఎవరూ వినలేదు. బసమ్మ విసుక్కోలేదు. వంగి, పిండిని తానూ నలిపి చూసింది.

"నిజమే. ఆ పక్క తక్కువ కొట్టాను. ఎత్తు."

మళ్లీ ఎత్తారు. మళ్లీ కొట్టింది. మళ్లీ తిప్పారు. ఈసారి పిండి వాన చినుకుల్లో తడిసిన మట్టి రంగులో, మెత్తగా రాలింది.

అక్కడే పొయ్యి వెలిగించి సంకటి కెలికారు. సౌదామిని ముద్ద అందుకుంది. నమిలింది. మింగింది. ఊరంతా దాని ముఖం వైపే చూసింది. అది ఏమీ అనలేదు. రెండో ముద్ద కోసం తొండం చాపింది. ఆ ఏనుగు నోట అంతకు మించిన మెప్పు లేదని పేరయ్యకు తెలుసు. ఆయన కూలబడి కళ్లు తుడుచుకున్నాడు.

విసిరే హక్కు ఓబుళమ్మకే ఉండిపోయింది. ఆమె ఇంట్లో పొయ్యి ఆరలేదు. శాలువా బసమ్మకు దక్కింది. ఆమె దాన్ని మడిచి ఎండలో కూర్చోవడానికి కింద వేసుకుంది.

రాజుగారు ఆ ముగ్గురికీ కొరడా దెబ్బలు వేయించలేదు. వాళ్లు తెర చాటున ముట్టుకున్న ప్రతి తిరగలినీ, ప్రతి రోలునూ, ఇంటివాళ్ల కళ్ల ముందు, నడివీధిలో, మళ్లీ బాగుచేయాలని చెప్పారు. ఏనుగు తీరిక ఉన్నప్పుడల్లా వచ్చి పక్కన నిలబడి చూసేది. ఆ పని ముగిసేసరికి కొండప్ప కాస్తో కూస్తో పనివాడయ్యాడు. మద్దిలేటి గొంతు తగ్గింది. తిరుపాలు విచారం మాత్రం అలాగే ఉంది, ఈసారి నిజమైనది.

తెరలు కట్టకూడదని ఊరిపెద్దలు చాటింపు వేయిద్దామన్నారు. అవసరం లేకపోయింది. ఆ ఏటి నుంచి గుండ్లదుర్గంలో పనివాడు తెర అడిగితే, ఇంటివాళ్లు పీట తెచ్చుకుని వాడి ఎదురుగా కూర్చునేవారు.

కాబట్టి పిల్లలూ, చూడవద్దని చెప్పినవాణ్ణి కళ్లు మూసుకుని నమ్మడం నమ్మకం కాదు, ఏమరుపాటు. రమ్మని పిలిచి చూపించి, తప్పుంటే చెప్పమని అక్కడే నిలబడేవాడే నమ్మదగిన పనివాడు.